మాటలు నేర్చిన తేమ

ఆ వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు మొదటి వారం బెదిరిపోయేవాళ్లు. పక్కింట్లో మొగుడూ పెళ్లాం పొద్దున కాఫీ తాగింది మొదలు సాయంత్రం దీపం పెట్టేదాకా వాదించుకుంటూనే ఉంటే, ఇక ఈ సంసారం ఎన్నాళ్లో నిలవదని అనుకునేవాళ్లు. రెండో వారానికి వాళ్లకే తెలిసిపోయేది, ఆ ఇంట్లో జరిగేది గొడవ కాదు, నేత అని.

గంగరత్న, చౌడప్ప ధర్మవరంలో కుప్పడం చీరలు నేస్తారు. చీర ఒంటికి ఒక రంగు, అంచుకు మరో రంగు. రెండూ కలిసేచోట దారాన్ని దారం మెలేసుకోవాలి. అది ఒక్క మనిషి చేతుల్లో అయ్యే పని కాదు. చౌడప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, చీర ఒంటి దారాన్ని మోసే నాడె విసురుతాడు. అతని కుడిపక్క పీట మీద కూర్చుని గంగరత్న అంచు నాడె విసురుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ రెండు చోట్ల మధ్యే చీరలూ మాటలూ కలిసి తయారవుతున్నాయి. నాడె ఆలస్యమైతే ఒక మాట, తొందరపడితే ఒక మాట, ఏమీ తప్పు లేకపోతే పాత తప్పొకటి తవ్వి తీసి దాని మీద పది మాటలు.

ఇద్దరికీ కలిసి ఒకే శత్రువు ఉండేది, పొడిగాలి. గాలిలో తడి లేకపోతే పట్టు దారం పుటుక్కున తెగుతుంది. చౌడప్ప నాయన కాలంలో మగ్గం చుట్టూ తడి గోనెసంచులు వేలాడదీస్తే సరిపోయేది. ఇప్పుడు ఎండలు అప్పటి ఎండలు కావు. మాఘమాసం దాటకముందే గాలి అప్పడంలా ఎండిపోతోంది, గోనెసంచులు గంటలో ఆరిపోతున్నాయి. అందుకని చౌడప్ప రెండేళ్ల కిందట బజారులో తెల్లటి పొగమంచు వదిలే తేమ మిషను ఒకటి కొనుక్కొచ్చాడు.

దారం తెగడం ఆగింది. ఆగిందన్న సంబరంలో మిగతావేవీ ఇద్దరూ చూడలేదు. ఆ మిషనులో పోసింది బోరునీళ్లు. ఆ నీళ్లలోని సున్నమంతా మంచుతో పాటు గాలిలోకి లేచి, ముదురు ఎరుపు పట్టు మీద బియ్యప్పిండి చల్లినట్టు పడేది. తొట్టి కడగాలని మిషనుతో వచ్చిన కాగితంలో రాసే ఉంది గానీ, నీళ్లు పోసే తొట్టిని నీళ్లతో కడగడమేమిటని చౌడప్ప నవ్వాడు. లోపల జిగట పట్టింది. మగ్గం గుంత గోడలకు నల్లటి బూజు మచ్చలు లేచాయి. ఆ గుంతలో రోజుకు పది గంటలు కూర్చునే మనిషికి మొదట దగ్గు, తర్వాత ఆయాసం, తర్వాత మెట్లెక్కలేని స్థితి వచ్చాయి.

అనంతపురంలో ఛాతీ డాక్టరు అతనిచేత ఒక గొట్టంలోకి ఊదించి, ఊపిరి జోరు చెప్పే అంకె చూసి పెదవి విరిచాడు. రెండు వందల అరవై. ఆ వయసు మనిషికి అయిదు వందల పైన ఉండాలట.

"బూజు లోపలికి పోయింది. గదిలో తేమ నూటికి నలభై, యాభై మధ్య ఉంటే మీ ఊపిరి నిలుస్తుంది. అంతకు మించితే బూజు బతుకుతుంది, మీరు బతకరు" అన్నాడు డాక్టరు.

"డెబ్బై లేకుంటే పట్టు నిలవదు సార్" అన్నాడు చౌడప్ప.

"అయితే మగ్గం మానేయండి."

చౌడప్ప తల వంచుకుని చేతులు చూసుకున్నాడు. పదహారో ఏట గుంతలో దిగిన మనిషి. ఆ చేతులకు ఇంకో పని నేర్పాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. గంగరత్నకు అతన్ని చూస్తే దుఃఖం పొంగుకొచ్చింది, ఆ దుఃఖం ఎప్పటిలాగే వాదన రూపంలో బయటికి వచ్చింది.

"ఒకే గదిలో రెండు గాలులు పెట్టేదానికి కాదా సార్? దారానికొక గాలి, మనిషికొక గాలి?"

డాక్టరు నవ్వబోయి ఆగాడు. సరిగ్గా ఆ ప్రశ్ననే పట్టుకుని నాలుగేళ్లుగా వేలాడుతున్న మనిషి ఒకామె ఈ ఊళ్లోనే ఉందని, ఆమె పరిశోధనశాల చిరునామా చీటీ మీద రాసిచ్చాడు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. అప్పటికి అంకె మూడు వందల యాభై దాటకపోతే మగ్గం గురించి తన దగ్గర మాట్లాడొద్దని కచ్చితంగా చెప్పాడు.

రుఖియా కదిరి మనిషి. కళ్లజోడు తల మీద పెట్టుకుని దానికోసమే బల్లంతా వెతికే రకం. వీళ్లిద్దరినీ కూర్చోబెట్టి, ఏమీ వివరించకుండా ఒక అగరుబత్తి వెలిగించింది. బల్ల మీద రెండడుగుల మేర పట్టు దారాలు లాగి కట్టి ఉన్నాయి. వాటి కింద, రెండు పక్కలా, దోసెపెనమంత బిళ్లలు రెండు. పొగ పైకి లేచింది, దారాల చుట్టూ చేరింది, అక్కడే ఆగిపోయింది. దారాలు దుప్పటి కప్పుకున్నట్టు పొగ వాటి మీద పరుచుకుందే తప్ప జానెడు దాటి ఒక్క పోగు పైకి పోలేదు.

"చేయి పెట్టి చూడండి" అంది రుఖియా.

చౌడప్ప చేయి పెట్టాడు. దారాల దగ్గర చల్లగా, కుండ పక్కన చేయి పెట్టినట్టుంది. జానెడు పైన మామూలు గాలి. గంగరత్న కూడా పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఆమెకు ఆ బల్లకు దండం పెట్టుకోవాలనిపించింది. మేడమ్ ఏమనుకుంటుందోనని చేతులు కొంగులో దాచుకుంది.

"మన చెవికి వినపడని శబ్దం ఇది. తేమను అన్ని పక్కలా ఒత్తి పట్టి ఉంచుతుంది. మేము తేమ తెర అంటున్నాం. తెర లోపల డెబ్బై, మీ ముక్కు దగ్గర నలభై ఐదు. కింద పచ్చ దీపం వెలుగుతుంటే తెర నిలిచినట్టు. ఎర్ర దీపమొస్తే చిరిగినట్టు, తేమ మీ మొహం మీదికి వస్తుంది. నిమిషమో రెండు నిమిషాలో అయితే ఏం కాదు. గంటలు గంటలు చిరిగి ఉంటేనే ప్రమాదం."

"శబ్దంతో నిలబడేది కదా మేడమ్, మా మగ్గం చప్పుడుకు చిరిగిపోదా?" అడిగాడు చౌడప్ప.

రుఖియా మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెను పైఅధికారులెవరూ అడగలేదట. "చిరుగుతుంది చౌడప్పన్నా. అందుకే మీ ఇంటి చప్పుళ్లన్నీ దానికి ముందే నేర్పాలి. నేర్చుకున్న చప్పుడైతే దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. తెలియనిది వస్తే తడబడుతుంది. మగ్గం కాక ఇంకేం చప్పుళ్లుంటాయి మీ ఇంట్లో?"

ఇద్దరూ బాగా ఆలోచించి చెప్పారు. పక్కింటి మిక్సీ. వీధిలో ఆటోలు. కుక్కరు కూత. వానొస్తే రేకుల మీద చప్పుడు, అదీ వస్తే. రుఖియా అన్నీ రాసుకుంది.

ఆమె మూడు రోజులు వాళ్లింట్లో మూల కూర్చుని చప్పుళ్లు పట్టుకుంది. గంగరత్న ఆ మూడు రోజులూ బీరువా చీరలే కట్టుకుంది. మొదటి రోజు అలవాటు కొద్దీ ఏదో అనబోతే చౌడప్ప కళ్లతోనే గదమాయించాడు, ఆమె నాలుక కరుచుకుంది. పెద్ద చదువు చదివిన మనిషి ఇంటికొచ్చి కూర్చుంటే ఆమె ముందర ఆలుమగలు కీచులాడుకోవడం ఎంత అప్రతిష్ఠ! కళ్లతో, గడ్డంతో, చేతి సైగలతో అంచు నాడె నడిపించారు. వెళ్లేటప్పుడు రుఖియా, ఇంత నెమ్మదైన మనుషుల్ని తానెక్కడా చూడలేదని మెచ్చుకుంది. గంగరత్న వినయంగా తల వంచుకుంది. ఆ మూడు రోజులు దిగమింగిన మాటలన్నీ రుఖియా వీధి మలుపు దాటకముందే బయటికొచ్చాయి.

పాత మిషను తీసేసి తేమ తెర మిషను బిగించిన మొదటిరోజే చౌడప్ప దానికి బొట్టు పెట్టబోతే, కుంకుమ గాలిలో కలుస్తుందని గంగరత్న అడ్డుపడింది. గుంత గోడలు సున్నంతో కడిగారు. మరగబెట్టి చల్లార్చిన నీళ్లు తప్ప మిషనుకు ఇంకేదీ పోయడానికి లేదు. మూడు రోజులకొకసారి తొట్టి కడిగి ఎండబెట్టే పని గంగరత్న తన మీద వేసుకుంది, ఇంట్లో దేవుడి సామాను కూడా ఆమె అంత శ్రద్ధగా తోమలేదు.

అయినా తెర చిరుగుతూనే ఉంది. పచ్చ దీపం వెలిగినట్టే వెలిగి ఎర్రబడేది. మళ్లీ పచ్చ, మళ్లీ ఎరుపు. చౌడప్ప దగ్గు తగ్గలేదు సరికదా, రెండో వారానికి నాడెలో దారపు కండె మార్చడానికి వంగితే ఆయాసం వచ్చేది. రుఖియా రెండుసార్లు వచ్చి బిళ్లలు విప్పి చూసింది. ఆమె ఉన్నంతసేపూ దీపం పచ్చగానే ఉండేది. పరిశోధనశాలకు పోయి మిషను పంపిన తేమ గీతలు చూసుకుంటే మాత్రం రోజంతా రంపపు పళ్లలా ఎగుడుదిగుడు. ఆమె కళ్లకింద నలుపు చేరింది. పైవాళ్లు ఈ పని చాలించమంటున్నారని ఒకసారి నోరు జారింది.

"మిషను కూడా నీ మాదిరే ఉండాది. పరాయి మనుషుల ముందర మంచిది, ఇంట్లో మొండిది" అన్నాడు చౌడప్ప ఆమె పోయాక.

"నా మాదిరి అయ్యింటే ఈపాటికి నీకు బుద్ధొచ్చుండు" అంది గంగరత్న. కింద ఎర్ర దీపం వెలిగింది. ఇద్దరూ దాన్ని తిట్టుకున్నారు.

సంగతి ఆమెకు తెలిసింది ఒక పంటినొప్పి వల్ల. దవడ వాచి ఆ రోజు ఆమె నోరు తెరవలేకపోయింది. చౌడప్ప ఒక్కడే ఎంతసేపని వాదించుకుంటాడు, అతనూ గమ్మునుండిపోయాడు. మధ్యాహ్నం ఎప్పుడో ఆమె తల వంచి చూసింది. పచ్చ దీపం. పొద్దున్నుంచి పచ్చ దీపమే. మాపటికి చౌడప్ప గుంతలోంచి లేచి, గోడ పట్టుకోకుండా వాకిలిదాకా నడిచాడు.

గంగరత్న దవడ చేత్తో పట్టుకుని పీట మీదే చాలాసేపు కూర్చుండిపోయింది. తన నోటి మాటే అతని మొహం మీదికి తేమను తోస్తోంది. నేనే, ఇన్నాళ్లూ నేనే, అనుకుంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు కూడా చప్పుడే కదా అని పెరట్లోకి పోయి ఏడ్చింది.

పంటినొప్పి రెండు రోజుల్లో తగ్గింది. ఆమె మాత్రం నోరు తెరవలేదు. చెబితే చౌడప్ప ఒప్పుకోడని ఆమెకు తెలుసు. "నీ నోరు మూసి నేను బతకాల్నా" అని మొదలుపెడతాడు, దానికి తను జవాబు చెప్పాలి, తెర మళ్లీ చిరుగుతుంది. అందుకని అలిగినట్టు నటించింది. గది బయట వంటింట్లో మాట్లాడవచ్చు గానీ, అక్కడ నోరు విప్పితే ఇక్కడ ఆపుకోవడం తన వల్ల కాదని ఇల్లంతా మానేసింది.

చౌడప్ప మొదటి రోజు హాయిగా ఉందన్నాడు. రెండో రోజు ఎందుకు అలిగావన్నాడు. మూడో రోజు మిరపకాయ బజ్జీలు తెచ్చాడు, నాలుగో రోజు మల్లెపూలు తెచ్చాడు. అంచుల్లో తప్పులు పడసాగాయి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆమె గొంతు వింటూ నాడె విసిరిన చేతికి ఇప్పుడు ఎప్పుడు విసరాలో తెలియడం లేదు. ఊపిరి మాత్రం రోజురోజుకీ తేలికవుతోంది. ఊపిరి బాగున్న మనిషి మొహం అలా వాడిపోయి ఉండటం గంగరత్న ఎక్కడా చూడలేదు.

ఏడో రోజు అతను నాడె కింద పెట్టేశాడు.

"సరే. తప్పు నాదే, ఒప్పుకుంటాండా. నా చెల్లెలి ఇంటోళ్లకు ఆ పొద్దు ఓళిగలు చాలకుండా పొయ్యింది నీ వల్ల కాదు. పూర్ణానికి బెల్లం నేనే తక్కువ తెచ్చినా. ఇరవై రెండేండ్లుగా నీ మీద తోసేస్తి. నాకు తెలుసు. తెలిసే తోసినా. ఇంగన్నా మాట్లాడవే."

ఇరవై రెండేళ్లు! ఆ ఒక్క మాట ఒప్పించడం కోసం ఆమె ఎన్ని మధ్యాహ్నాలు ధారపోసింది! గొంతుదాకా వచ్చిన మాటలను గంగరత్న కింది పెదవి పళ్ల కింద నొక్కిపట్టి ఆపింది. కళ్ల నీళ్లు కారుతున్నాయి. అంచు నాడె చేతిలోకి తీసుకుని, కానివ్వమన్నట్టు గడ్డంతో సైగ చేసింది. అతని మాటలకు ఎర్రబడిన దీపం మళ్లీ పచ్చబడి నిలిచింది.

పదో రోజు రుఖియా పరుగులాంటి నడకతో వచ్చింది. కళ్లజోడు సరిగ్గా ముక్కు మీదే ఉంది, అంత సంతోషంలో ఉంది. చేతిలో పొడుగాటి కాగితం, దాని మీద తొమ్మిది రోజుల గీత, ఒకటి రెండు ముడులు తప్ప పడుగు దారంలా సాపుగా.

"ఏం చేశారు మీరు? ఎట్లా నిలబెట్టారు?"

చౌడప్ప తనకేమీ తెలియదన్నాడు. "పది దినాల్నుంచి ఈమె నాతో మాట్లాడ్లా మేడమ్. ఆ దిగుల్లో నేను మిషను సంగతే పట్టించుకోల్యా."

రుఖియా కాగితం వైపు చూసింది. గంగరత్న వైపు చూసింది. మళ్లీ కాగితం వైపు చూసి మెల్లగా పీట మీద కూలబడింది.

"గంగరత్నమ్మా, బయటికి రండి" అంది.

వాకిట్లో వేపచెట్టు నీడన గంగరత్న తొమ్మిది రోజుల మౌనం విప్పింది. "నా మాటకే చిరుగుతాంది మేడమ్ అది. నేను కనిపెట్టినా. ఆయప్పకు చెప్పొద్దు. నాకేం కష్టం లేదు, అలవాటైపోయింది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడి చౌడప్ప అంతా విన్నాడు. అతను గడప మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నేను చప్పుళ్లు పట్టుకున్న మూడు రోజులూ మీరు ఒక్క మాట కూడా మాట్లాడలేదే!" అంది రుఖియా.

"ఇంటికొచ్చిన మనిషి ముందర ఆలుమొగుడు కొట్లాడుకుంటే ఏం బాగుంటాది మేడమ్?"

"చప్పుళ్లు ఏమేముంటాయని అడిగితే చెప్పలేదే!"

"మాట చప్పుడెట్లయితాది?" అంది గంగరత్న, నిజంగానే అర్థం కాక.

రుఖియా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తన మిషను చాలా శ్రద్ధగా ఒక ఇంటిని నేర్చుకుంది, తీరా చూస్తే అది ఈ ఇల్లు కాదు. అడగవలసిన మాట అడగనిది తనేనని వాళ్లిద్దరి ముందూ ఒప్పుకుంది.

పరిశోధనశాలలో పెద్దాయన దీన్ని చిటికెలో తేల్చేశాడు. "మాట్లాడకుండా నేయమనండి. గీత బ్రహ్మాండంగా ఉంది కదా." గంగరత్న కూడా అదే మాట అంది. తను ఒప్పుకుంటున్నానని, మొగుడి ప్రాణం కంటే తన వాగుడు ఎక్కువ కాదని పెద్దాయన బల్ల ముందే చెప్పింది. రుఖియా మాత్రం పట్టు విడవలేదు. "నేను చేసింది ఇంట్లో పెట్టుకునే మిషను సార్. ఇంట్లో మనుషులు మాట్లాడుకుంటారు" అంది.

మాటలు నేర్పాలంటే ఇరవై రోజులు పడుతుంది. ఆ ఇరవై రోజులూ మిషనులో నీళ్లుండవు, ఉంటే తెర చిరిగినప్పుడల్లా చౌడప్ప ఊపిరికి ముప్పు. నీళ్లు లేకపోతే దారాలు తెగుతాయి. మగ్గానికి ఒక లయ ఉంటుంది, దాన్ని మిషను పట్టుకోగలదు. మాటకు అలాంటిదేమీ లేదు, అది నేర్చుకుంటుందో లేదో తాను హామీ ఇవ్వలేనంది రుఖియా. నేర్చుకోకపోతే డాక్టరు పెట్టిన గడువుకు మిగిలేది పన్నెండు రోజులే.

గంగరత్న వద్దంది. "ఉన్న ఊపిరి చాలు. ఎందుకొచ్చిన పరీక్ష ఇది" అంది.

"నువ్వు మాట్లాడకుండా పక్కన కూచ్చుంటే ఆ గుంత నాకు నిజంగానే గుంతయిపోయినాది. నేర్పండి మేడమ్. దారాలు తెగితే ముడేసుకుంటాం" అన్నాడు చౌడప్ప.

మొదటి రెండు రోజులూ వృథా. మైకు పెట్టగానే ఇద్దరూ ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు బిగుసుకుపోయారు. "నాడె అందుకుంటావా?" "అందుకుంటానండీ." ఆ 'అండీ' విని చౌడప్పే ఉలిక్కిపడ్డాడు. మూడో రోజు పొడిగాలికి ఒకేసారి పదకొండు దారాలు తెగాయి. తప్పెవరిదన్న దగ్గర మొదలైన మాట ఓళిగల దగ్గర తేలింది. తను ఒప్పుకున్నది పెళ్లాం మాట్లాడాలనే గానీ బెల్లం తక్కువ తెచ్చి కాదని చౌడప్ప అడ్డం తిరిగాడు. ఇక గంగరత్న ఆగలేదు. తొమ్మిది రోజులు మూటగట్టినదంతా విప్పింది. ఆ సాయంత్రానికి మైకు సంగతే ఇద్దరూ మరిచిపోయారు.

దారాలు తెగుతూనే ఉన్నాయి, ముడులు పడుతూనే ఉన్నాయి, మాటలు సాగుతూనే ఉన్నాయి. వాళ్ల తిట్లు, నవ్వులు, ఉప్పు తక్కువైన సంగటి, వియ్యపురాలి మీద చాడీలు, మధ్యమధ్య చౌడప్ప తీసే కూనిరాగం అన్నీ అనంతపురం పోయాయి. పరిశోధనశాలలో పనిచేసే పిల్లలంతా రోజూ అవే విన్నారు. రుఖియా పిలిస్తే ఇద్దరూ ఒకసారి అక్కడికి పోయినప్పుడు, తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి వచ్చి, "చౌడప్ప గారూ, ఓళిగల విషయంలో మేమంతా అమ్మ పక్షమే" అంది. గంగరత్న సిగ్గుతో చచ్చినంత పనైంది, కానీ ఇంటికొచ్చేదాకా ఆ మాట మొగుడికి నాలుగుసార్లు గుర్తు చేసింది.

ఇరవై ఒకటో రోజు రుఖియా మిషనులో నీళ్లు పోయించింది. ఎవ్వరూ ఊపిరి పీల్చలేదు, ఒక్క చౌడప్ప తప్ప.

"ఏదైనా మాట్లాడండి" అంది రుఖియా.

ఏం మాట్లాడాలో గంగరత్నకు తోచలేదు. నోరు తెరవడానికి భయమేసింది. చౌడప్ప నాడె విసిరాడు, ఆమె చేయి దానంతటదే కదిలింది, కొంచెం ఆలస్యంగా కదిలింది.

"చేతులకు నిద్రొస్తాందా?" అన్నాడు చౌడప్ప.

"నీకు కండ్లకు నిద్రొస్తాంది, అందుకే ముందే ఇసిరినావు" అంది గంగరత్న.

ముగ్గురూ కిందికి చూశారు. దీపం ఒక్కసారి వణికింది. పచ్చగా నిలబడింది. గంగరత్న ఇంకో మాటంది, అతను దానికి మూడన్నాడు, దీపం పచ్చగానే ఉంది. రుఖియా గోడకానుకుని కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లజోడు కోసం వెతుక్కోవడం మొదలుపెట్టింది. గంగరత్న లేచి వెళ్లి, అది ఆమె తల మీది నుంచి తీసి ముక్కు మీద పెట్టి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నా మొగుణ్ణి నాకిచ్చినావు తల్లీ. నా నోరు నాకిచ్చినావు. బతికినన్నాళ్లూ నిన్ను తలుచుకుంటా" అంది. మేడమ్ అనడం కూడా మరిచిపోయింది.

"మీరు మాట మానేసి నా తప్పు నాకు చూపించారమ్మా. నేనే మీకు దండం పెట్టాలి" అంది రుఖియా.

పన్నెండు రోజుల తర్వాత డాక్టరు గొట్టం అందించాడు. చౌడప్ప ఊదాడు. మూడు వందల డెబ్బై. డాక్టరు నమ్మక ఇంకోసారి ఊదించాడు. మూడు వందల ఎనభై. చేసుకోండి మీ మగ్గం, తొట్టి కడగడం మాత్రం మానొద్దన్నాడు. బస్సులో ఇంటికొస్తున్నంతసేపూ గంగరత్న కనపడిన ప్రతి గుడికీ దర్గాకూ దండం పెట్టింది. చౌడప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాగే మనిషి వాగకపోతే ఆమెకు అనుమానమొచ్చింది గానీ, బస్సులో అడగలేదు.

మర్నాడు పొద్దున మగ్గమెక్కారు. పచ్చ దీపం వెలిగింది. నాలుగైదు పేకలు పడ్డాక చౌడప్ప చేయి ఆగింది.

"మళ్లీ ఏమొచ్చె?" అంది గంగరత్న.

"ఏం రాలా."

"రాకుంటే ఇసురు."

అతను విసరలేదు. ఆమె వైపు చూడకుండా, పడుగు వైపే చూస్తూ, ఆమె ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు. "తొమ్మిది దినాలు నోరు కట్టుకుంటివే, రత్నా. నేను అలిగినావనుకుంటి. నువ్వుండబట్టే నేనుండా."

ఎర్ర దీపం వెలిగింది.

చల్లటి తేమ అతని మొహం మీదికి లేచింది. చౌడప్ప రెండుసార్లు దగ్గి, కిందికి చూసి, ఇబ్బందిగా నవ్వాడు.

"చూస్తివా? అన్నీ నేర్చింది గానీ, ఈ గొంతు దానికి తెలీదు. నేనెప్పుడన్నా మాట్లాడింటే కదా. ఇంగ మాట్లాడను లే."

గంగరత్న కొంగుతో అతని మొహం మీది తడి తుడిచింది.

"తెలీకుంటే నేర్చుకుంటాది. నిమిషానికేం కాదని మేడమే చెప్పింది కదా. ఇంగొకసారి చెప్పు."

చౌడప్ప గొంతు సవరించుకుని చెప్పాడు. దీపం ఎర్రగానే ఉంది.

"ఇంగొకసారి" అంది గంగరత్న.